రుధిరోద్గారికి కొత్త అర్థం

అమెరికా వెళ్లొచ్చినవాడికి మాట్లాడకుండా ఉండే హక్కు లేదని తెనాలిలో దిగిన మర్నాడే తెలిసింది. పాలవాడు మొదలు ప్రిన్సిపాలు దాకా అందరూ నయాగరా గురించే అడుగుతున్నారు. చూడలేదంటే నమ్మడం లేదు. ఎత్తు మేడలు చూశాను గానీ మెడనొప్పి తప్ప వాటి గురించి చెప్పడానికేమీ లేదు. నేను వెళ్లింది ఒక ఉగాదికి. ఆ ఉగాది ఎలా జరిగిందని ఎవరూ అడగలేదు కనుక అదే రాస్తున్నాను.

ముప్పై ఏళ్లుగా కాలేజీలో తెలుగు చెబుతున్నాను. నా దగ్గర పి.యు.సి.లో తెలుగు చదివిన సుధాకర్ ఇప్పుడు న్యూజెర్సీలో సర్జన్. ఈ ఏడు అక్కడి తెలుగు సంఘానికి అధ్యక్షుడు కూడా. "పంచాంగ శ్రవణం మీరే చేయాలి మాస్టారూ" అని ఉత్తరంతో పాటు టికెట్ పంపించాడు. నేను జ్యోతిష్కుణ్ని కాను. పంచాంగం తీస్తే చవితి ఎప్పుడో, చందమామ ఎప్పుడో చూసి చెప్పగలను, అంతే. టికెట్ చేతిలో పడ్డాక ఆ సంగతి సుధాకర్‌కి రాయాలనిపించలేదు.

విమానాశ్రయంలో వేపపువ్వు

న్యూయార్క్‌లో దిగగానే ఒక కస్టమ్స్ అధికారి నా పెట్టె తెరిపించాడు. మంచి మనిషే. పంచెలు మడత చెదరకుండా పక్కన పెట్టాడు. ఆవకాయ సీసా మూత తీసి వాసన చూసి, రెండుసార్లు తుమ్మి, మళ్లీ గట్టిగా బిగించాడు. ఆ తరవాత మా ఆవిడ గుడ్డసంచిలో మూటకట్టి ఇచ్చిన ఎండు వేపపువ్వు దొరికింది.

"ఇదేమిటి?" అన్నాడు.

"పువ్వు."

"దేనికి?"

"తినడానికి."

"బాగుంటుందా?"

"ఉండదు. చేదు."

"మరెందుకు తింటారు?"

"కొత్త సంవత్సరం వస్తోంది" అన్నాను.

అతను గోడమీది క్యాలెండర్ వంక చూశాడు. ఏప్రిల్ నెల. పక్క బల్ల దగ్గరున్న ఇంకో అధికారిని పిలిచాడు. ఇద్దరూ చెరో చిటికెడు వేళ్లతో నలిపి చూసి, ఎంతో మర్యాదగా క్షమించమని చెప్పి, సంచి మొత్తం చెత్తడబ్బాలో వేశారు. వెళ్లబోతుంటే "హ్యాపీ న్యూ ఇయర్, సర్" అన్నాడు మొదటివాడు. ఆ దేశంలో నాకు ఉగాది శుభాకాంక్షలు చెప్పిన మొదటి మనిషి అతనే. తెలుగువాళ్లు చెప్పడానికి ఇంకో మూడు వారాలు పట్టింది.

పార్సిప్పనీలో ఉగాది

సుధాకర్ ఉండే ఊరు పార్సిప్పనీ. అక్కడ ఇళ్లున్నాయి, చెట్లున్నాయి, రోడ్లున్నాయి, మనుషులు కార్లలో ఉన్నారు. మొదటిరోజు పొద్దున్నే పంచె కట్టుకుని, పైన సుధాకర్ కోటు వేసుకుని నడకకి బయల్దేరితే అర్ధగంటలో మూడు కార్లు ఆగాయి. నా కారు ఎక్కడ చెడిపోయిందని అడిగారు. నడుస్తున్నానంటే, అదే, ఎందుకని అడిగారు. మూడో కారులోని ముసలావిడ నా మాట వినిపించుకోకుండా ఎక్కించుకుని ఇంటి దగ్గర దింపి వెళ్లింది. మన ఊళ్లో నడిచేవాణ్ని చూస్తే ఎక్కడికని అడుగుతారు. అక్కడ ఏమైందని అడుగుతారు.

గురువారం ఉగాది. తెల్లవారుజామునే లేచి తలంటుకుని కిందికి దిగేసరికి ఇంట్లో అలికిడి లేదు. సుధాకర్ ఆరింటికే ఆసుపత్రికి వెళ్లిపోయాడు. అతని భార్య అరుణ నిలబడి టోస్ట్ నములుతూ కారు తాళాలు వెతుక్కుంటోంది. ఆమెకు బ్యాంకులో ఉద్యోగం.

"ఇవాళ ఉగాది కదమ్మా" అన్నాను.

"మన ఉగాది వచ్చే నెల ఫస్ట్ శాటర్‌డే అండీ మాస్టారూ. హై స్కూల్ కెఫెటీరియా ఆ రోజే దొరికింది. దానికి ముందు శాటర్‌డేలన్నీ స్కూల్ వాళ్లకే కావాలట, పిల్లల డ్రామా ఉందట."

"అమావాస్య వెళ్లిన మర్నాడే కదా ఉగాది?"

"అమావాస్య వెళ్లిపోయిందండీ. హాలే ఖాళీ లేదు" అంది అరుణ. ఇందులో అర్థం కానిదేముందో ఆమెకి అర్థం కాలేదు.

అక్కడ వినాయక చవితి శనివారమే వస్తుందట. దీపావళీ అంతే. చంద్రుడు ఏ రోజు ఎక్కడున్నా హాలు దొరికేదాకా ఆగాల్సిందే. మన సిద్ధాంతులు ఘడియలూ విఘడియలూ గుణించి కొట్టుకుంటారు గానీ, ఒక్క హైస్కూలు గుమస్తా ఫోన్ నంబరుంటే చాలని వాళ్లకి తెలియదు.

ఆ ఇంట్లో నాతో ఉగాది జరుపుకున్న మనిషి ఒక్కతే ఉంది. సుధాకర్ కూతురు లావణ్య, తొమ్మిదేళ్ల పిల్ల. బడి బస్సు వచ్చేలోగా ఉన్న పది నిమిషాల్లో నా పక్కన కూర్చుని పంచాంగం అట్టమీది బొమ్మలు చూసింది.

"మాస్టరూ, నువ్వు స్నానం చేసినావా? నీ హెయిర్ నుంచి ఆయిల్ వాసన" అంది.

అందరినీ నువ్వు అంటుంది. దీర్ఘాలు ఎక్కడ పడితే అక్కడ వదిలేస్తుంది. అయినా ఆ సంఘంలోని పిల్లలందరిలో తెలుగులో జవాబు చెప్పేది ఆ పిల్ల ఒక్కతే. పోయిన ఉగాదికి వేదికెక్కి ఒక పద్యం చదివిందట. 'ళ' పలకబోతే నాలుక తిరగక ఇంకేదో పలికిందనీ, ముందు వరుసలోని అంకుళ్లంతా పగలబడి నవ్వారనీ అరుణ చెప్పింది. నాలుగు నెలలు తెలుగు ముక్క మాట్లాడలేదట.

"ఈసారి స్పీచ్ ఇస్తానంటోంది మాస్టారూ, తనంతట తనే. ఈసారి కూడా ఏదైనా అయిందంటే దీని తెలుగు ఇక అయిపోయినట్టే. కొంచెం దగ్గరుండి నేర్పండి" అంది అరుణ.

తప్పకుండా అన్నాను. మీటింగుల్లో 'మన భాషని కాపాడుకోవాలి' అని బల్ల గుద్దేవాణ్ని, తొమ్మిదేళ్ల పిల్లని కాపాడలేనా అనుకున్నాను.

పంది సంవత్సరం

పండగ పూట ఇంట్లో వంట చేసే ఓపిక ఎవరికీ లేక సాయంత్రం ఒక చైనా హోటల్‌కి తీసుకెళ్లారు. ప్లేటు అన్నం మూడున్నర డాలర్లు. మొదటివారం ప్రతిదాన్నీ పదితో గుణించడం ఎవరికీ తప్పదు. గుణించాక ఆకలి కొంత తగ్గింది. గుడ్డు లేకుండా కావాలని మూడుసార్లు చెప్పాను. వడ్డించేవాడు గుడ్డుతోనే తెచ్చి, నా కళ్లముందే చెంచాతో ముక్కలు ఏరి పక్కన పెట్టి, ఇప్పుడు లేదు కదా అన్నట్టు నవ్వాడు.

ప్లేటు కింద ఒక కాగితం పరిచారు. దానిమీద పన్నెండు జంతువుల బొమ్మలు, ఒక్కో ఏడాదికి ఒక్కో జంతువు. ఈ ఏడు పంది. హోటల్ యజమాని ముసలాయన మా బల్ల దగ్గరికొచ్చి పంది బొమ్మ మీద వేలుపెట్టి చూపించాడు. "చాలా మంచి సంవత్సరం. అందరూ బాగా తింటారు" అన్నాడు. తన దేశంలో పుట్టిన పందిని ఇంతమంది పరాయివాళ్ల కంచాల కింద పరిచినందుకు ఆయనకు సిగ్గేమీ లేదు. పైగా గర్వంగా ఉంది.

లావణ్య కాగితం మడిచి జేబులో పెట్టుకుంది.

"మాస్టరూ, మన ఇయర్ ఏ యానిమల్?"

"మనకి జంతువులుండవమ్మా. పేర్లుంటాయి. అరవై పేర్లు. ఈ ఏడు పేరు రుధిరోద్గారి."

"అంటే?"

నాకు అంతకంటే ఇష్టమైన ప్రశ్న ప్రపంచంలో లేదు. కాగితం వెనక రాసి చూపించాను. రుధిరం అంటే రక్తం. ఉద్గారి అంటే బయటికి కక్కేది. రుధిర, ఉద్గారి కలిస్తే రుధిరోద్గారి. అకారం తరవాత ఉకారం వస్తే ఓకారం. గుణసంధి.

"బ్లడ్ వామిట్ చేసేదా?" అంది పిల్ల, కళ్లు ఇంతేసి చేసుకుని.

"అంతే."

"ఎవరు చేస్తారు?"

"ఎవరూ చేయరు. పేరంతే. పూర్వులు పెట్టారు. మంచి ఏళ్లకి మంచి పేర్లు, చెడ్డ ఏళ్లకి చెడ్డ పేర్లు. ఏదొచ్చినా పేరు పెట్టి పిలుస్తాం, దాక్కోం" అన్నాను. ఈ చివరి మాట నాకే ఎంతో బాగుందనిపించింది.

"ఇది పిగ్ కంటే చాలా బెటర్!" అంది లావణ్య. "నా స్పీచ్ ఇదే."

అప్పట్నుంచి రెండు వారాలు బడి నుంచి రాగానే నా గదిలో వాలిపోయేది. గుణసంధి, గుణసంధి అంటూ మెట్లెక్కేది. సంధులు చెప్పి ముప్పై ఏళ్లుగా పిల్లల చేత తిట్లు తిన్నవాణ్ని. సంధి పేరు చెప్పుకుని మెట్లెక్కే పిల్లని చూస్తే నాకు కన్నీళ్లు వచ్చినంత పనైంది.

కమిటీ వారి తీర్మానం

హాలు ఉగాదికి ముందు ఆదివారం సుధాకర్ ఇంట్లో కమిటీ సమావేశం జరిగింది. ఎవరికి వారు గిన్నెలతో వచ్చారు. మొదటి అంశం ఉగాది పచ్చడి. మామిడికాయ బదులు పచ్చ ఆపిల్ అని అంతకుముందే ఖాయమైంది. వేపపువ్వు బదులు మెంతిపొడి వేద్దామని ఒకావిడ అంది. చేదైతే పిల్లలు ఊసేస్తారని ఇంకొకావిడ అంది. చివరికి చేదు ఆప్షనల్ అని తీర్మానించారు. కావలసినవాళ్లు విడిగా గిన్నెలోంచి చల్లుకోవచ్చు.

తరవాత లావణ్యని పిలిచి స్పీచ్ చెప్పమన్నారు. పిల్ల సోఫా ముందు నిలబడి చేతులు కట్టుకుని తెలుగులో చెప్పింది. ఆ రోజు రాబోయే అమెరికన్ ముఖ్య అతిథి కోసమని దాన్నే ఇంగ్లీషులోనూ చెప్పింది. తెలుగులో చెప్పినంతసేపూ అందరూ బజ్జీలు తింటూ తలలూపారు. ఇంగ్లీషు మొదలయ్యాక చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"బ్లడ్ వామిటింగా? స్టేజీ మీద? లంచ్‌కి ముందా?" అన్నారు కార్యదర్శి రాఘవరావు గారు. ఆయన ఇంజనీరు.

"అసలు ఇయర్ పేరే చెప్పకపోతే?" అన్నారొకరు.

"పంచాంగ శ్రవణం అంటే మొదటి లైనే అది కదండీ!"

"పోనీ నెక్స్ట్ ఇయర్ది వాడేద్దాం."

వచ్చే ఏడు పేరు రక్తాక్షి అని చెప్పాను. అర్థం కూడా చెప్పాను. ఆ పైది? క్రోధన. దాని అర్థం ఎవరూ అడగలేదు.

"లాస్ట్ ఇయర్ దుందుభి బాగుందండీ. క్లీన్‌గా ఉంది. అదే ఇంకో ఇయర్ కంటిన్యూ చేద్దాం" అన్నారు రాఘవరావు గారు. నవ్వుతాలుకి కాదు. ఒకరు బలపరిచారు కూడా. బ్రహ్మదేవుడి సంవత్సరానికి పార్సిప్పనీలో పొడిగింపు ఇవ్వడానికి ఏడుగురు చేతులెత్తారు. ఆరుగురు ఎత్తలేదు. సంఘం రాజ్యాంగం ప్రకారం మూడింట రెండొంతులు కావాలని ఎవరో లేవదీశారు. దానిమీద గంటసేపు అరుచుకున్నారు.

ఆ గోలలో సుధాకర్ నన్ను వంటింట్లోకి లాక్కెళ్లాడు. పాపం, మొహం పాలిపోయింది.

"మాస్టారూ, చీఫ్ గెస్ట్ డాక్టర్ వాల్టర్స్ మా సర్జన్స్ గ్రూప్‌కి హెడ్. నన్ను పార్ట్‌నర్‌గా తీసుకోవాలా వద్దా అని ఈ సమ్మర్‌లో డిసైడ్ చేస్తారు. నేను సర్జన్ని. మా కొత్త సంవత్సరం పేరు బ్లడ్ వామిటింగ్ అని నా కూతురే చెబితే ఆయన ఏమనుకుంటాడు? ఏదో ఒకటి చెయ్యండి. వేరే మీనింగ్ ఏదీ లేదా?"

ఉందని అనకుండా ఉండాల్సింది. కానీ పండితుణ్ని అర్థం లేదా అని అడిగితే లేదని ఎలా అంటాడు? హాల్లోకి వచ్చి గొంతు సవరించుకున్నాను. రుధిరమంటే ఎరుపనే అర్థం కూడా ఉందన్నాను. ఉద్గారమంటే వెలువరించడమే కనుక, ఎర్రని కాంతిని వెలువరించేది రుధిరోద్గారి, అంటే ఉషోదయం, అన్నాను. పడమటి దేశంలో తెలుగు వెలుగు ఉదయించడానికి ఇంతకంటే తగిన ఏడాది లేదని కూడా అన్నాను. అది ఎందుకన్నానో తెలియదు, ఊపులో వచ్చింది.

చప్పట్లు మోగిపోయాయి. రాఘవరావు గారు లేచి చేతులు పట్టుకుని ఊపారు. "స్కాలర్ అంటే ఇదీ!" అన్నారు. నాకు వేదిక మీద శాలువా కప్పాలని ఒక్క వ్యతిరేక ఓటు లేకుండా తీర్మానించారు. ఆ రోజు కమిటీ ఏకగ్రీవంగా ఒప్పుకున్నది అదొక్కటే.

లావణ్య ఇంకా సోఫా ముందే నిలబడి ఉంది.

"మాస్టరూ, ఆ రోజు నువ్వు చెప్పింది రాంగా?"

"రాంగ్ కాదమ్మా. ఇదీ ఒక అర్థమే."

"ఏది రియల్?"

"రెండూ" అని బజ్జీ నోట్లో పెట్టుకున్నాను. ఆ పిల్ల నేను బజ్జీ నమిలి మింగేదాకా అలాగే చూసింది.

హైస్కూలు కెఫెటీరియా

శనివారం పదకొండింటికి కార్యక్రమం. గుమ్మంలో మామిడి తోరణం ఉంది, ప్లాస్టిక్‌ది. దాని పక్కనే వచ్చేవారం బడిపిల్లలకి పెట్టే పిజ్జాల పట్టిక. పట్టుచీరలు, కెమెరాలు, ఉప్మా వాసన. చిన్న కాగితం కప్పుల్లో పచ్చడి ఇచ్చారు. ఆపిల్, అరటిపండు, ద్రాక్ష, పైన కాస్త బెల్లం. చేదు గిన్నె మూత ఎవరూ తీయలేదు. పచ్చడిలోంచి చేదు, సంవత్సరంలోంచి రక్తం తీసేశాక మిగిలింది తియ్యగా బాగానే ఉంది, నేను మూడు కప్పులు తిన్నాను.

పంచాంగం చదివాను. ఎర్రనేలల్లో పంటలు బాగుంటాయంటే ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లు చప్పట్లు కొట్టారు. పశువులకు సుఖమంటే ఇంజనీర్లు కొట్టారు. ఒకాయన లేచి, ఇది ఆంధ్రాకి లెక్కకట్టిందా న్యూజెర్సీకా, సూర్యోదయం తేడా పదిన్నర గంటలుంది కదా, ఆదాయ వ్యయాల్లో అది కలిపారా అని అడిగాడు. కలిపామన్నాను. ఆ పూట నా నోటికి అడ్డూ ఆపూ లేదు.

శాలువా కప్పాక నన్ను ముందు వరుసలో డాక్టర్ వాల్టర్స్ పక్కన కూర్చోబెట్టారు. ఎర్రటి బుగ్గలు, తెల్లజుట్టు, జిలేబీ పాకం అంటిన వేళ్లు. ఎంతో సంతోషంగా ఉన్నాడు. లావణ్య పట్టులంగాతో వేదికెక్కింది. మైకు అందకపోతే కాలివేళ్ల మీద నిలబడింది.

"అందరికీ నమస్కారం. ఈ ఇయర్ పేరు రుధిరోద్గారి. రుధిర ప్లస్ ఉద్గారి, గుణసంధి. అంటే రక్తం కక్కేది. ఇది రియల్. మనం ఏది వచ్చినా పేరు పెట్టి పిలుస్తాం, దాక్కోం. ఇప్పుడు నేను ఇంగ్లీష్‌లో వేరేది చెప్తాను. అది నాన్న కోసం."

తరవాత ఇంగ్లీషులో, ఎర్రని ఉషోదయపు సంవత్సరం గురించి, నేను అల్లిన ముక్కలన్నీ ఒక్కటి పోకుండా చెప్పింది. ఈసారి ఏ అంకులూ నవ్వలేదు. రెండువందల మంది తెలుగువాళ్లు పళ్లు బయటపెట్టి బిగుసుకుని కూర్చున్నారు. ముఖ్య అతిథి ఒక్కడే లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. ఆయన్ని చూసి మిగతావాళ్లూ లేచారు.

పిల్ల మెట్లు దిగి నేరుగా మా ముందుకొచ్చి నిలబడింది.

డాక్టర్ వాల్టర్స్ నా వైపు వంగి, "ఎంత అందమైన భాష! మీ భాషలో కూడా ఇదే చెప్పిందా?" అని ఇంగ్లీషులో అడిగాడు.

వెనక వరుసలో సుధాకర్ ఊపిరి బిగపట్టిన సంగతి నాకు తెలుస్తూనే ఉంది. లావణ్య నా మొహంలోకే చూస్తోంది. ఎదురుగా ఉన్నది నేను రెండు వారాలు నేర్పిన పిల్ల. ఆమె చెప్పిన తెలుగులో ఒక్క తప్పు లేదు. నిజం చెప్పడానికి నాకు ఇంగ్లీషు కూడా పెద్దగా అక్కర్లేదు, 'నో' అంటే సరిపోయేది.

"సేమ్ సర్. వర్డ్ టు వర్డ్" అన్నాను.

ఆయన పిల్ల తల నిమిరి జిలేబీల బల్ల వైపు వెళ్లిపోయాడు. లావణ్య అమ్మ దగ్గరికి వెళ్లిపోయింది.

తిరుగు ప్రయాణం

సోమవారం ఆసుపత్రిలో డాక్టర్ వాల్టర్స్ సుధాకర్‌ని ఆపి మాట్లాడాడట. ఉషోదయం గురించీ కాదు, రక్తం గురించీ కాదు, జిలేబీ ఎలా చేస్తారని. స్పీచ్ సంగతి ఆయనకి గుర్తే లేదు. సుధాకర్ ఈ మాట నవ్వుతూ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు.

అప్పటికే లావణ్య నాతో తెలుగు మానేసింది. కోపంగా కాదు, చాలా మర్యాదగా. ఇడ్లీ తిన్నావా అమ్మా అంటే "యెస్, థాంక్యూ" అనేది. బడిలో ఏం చెప్పారంటే "నథింగ్ మచ్" అనేది. వాళ్లమ్మతోనూ అంతే. "అలిగింది, అదే సర్దుకుంటుంది లెండి" అని అరుణ అంది గానీ, ఆమె గొంతులో నమ్మకం లేదు. నేను అక్కడున్న చివరి ఆరు రోజులూ మెట్ల మీద సంధి పేరు వినపడలేదు.

విమానాశ్రయంలో సుధాకర్ సామాను తూకం వేయిస్తుంటే పిల్ల పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. "లావణ్యా, నేను మొదట చెప్పిందే నిజం. నువ్వు స్టేజీ మీద చెప్పిందే నిజం. నేను భయపడి అబద్ధం ఆడాను. తప్పు నాది" అన్నాను. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఏ విద్యార్థికీ చెప్పని మాట అది. ఆ పిల్ల చివరిదాకా శ్రద్ధగా విన్నది. ప్రతి ముక్కా అర్థమైందని కళ్లలో తెలుస్తోంది.

"ఇట్స్ ఓకే, సర్. హావ్ ఎ సేఫ్ ఫ్లైట్" అంది.

వచ్చిన వారానికే మా కాలేజీలో సన్మానం చేశారు. అక్కడి పిల్లలకి తెలుగు వస్తుందా అని సభలో ఒకరు లేచి అడిగారు. రాదన్నాను. అందరూ అయ్యో అన్నారు. ఒక పిల్లకి వచ్చేదనీ, నేను వెళ్లి మాన్పించి వచ్చాననీ ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.